కాపలా మనుషులది, దీవి పక్షులది

నార్కొండంలో పోలీసు డ్యూటీ అంటే అడవికీ సముద్రానికీ నడుమ కాపురమే. పొరుగున ఉండేది ప్రపంచంలో మరెక్కడా కనిపించని ఓ పక్షి

అండమాన్ రాజధాని శివార్లలోని బ్రూక్షాబాద్‌కు రెండు గుర్తింపులున్నాయి. ఒకటి, సముద్ర జీవశాస్త్రం బోధించే పాండిచ్చేరి విశ్వవిద్యాలయం క్యాంపస్. రెండోది, ఏళ్ల తరబడి నగరం చెత్తంతా వచ్చి చేరిన యార్డు. సముద్రాన్ని చదివే చోటూ, మనిషి వదిలేసింది గుట్టగా పేరుకునే చోటూ ఒకే ఊళ్లో. మనిషి అడుగుపెట్టిన ప్రతి దీవి కథా దాదాపు ఇంతే.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు మాట వినిపించడం వింతేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో ప్రతి నూరుమందిలో 13 మంది మాతృభాష తెలుగే. కానీ ఈశాన్యంగా సుమారు 260 కి.మీ. సాగితే ఏ భాషా వినిపించని చోటు వస్తుంది. దాదాపు సగం దారిలో బారెన్ దీవి, అంటే దేశంలోని ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం. దాన్ని దాటి వెళ్తే నిద్రపోతున్న మరో అగ్నిపర్వతం నార్కొండం. విస్తీర్ణం 6.8 చ.కి.మీ., ఎత్తు 710 మీటర్లు. మయన్మార్‌కు చెందిన కోకో దీవులు దీనికి పోర్ట్ బ్లెయిర్ కన్నా దగ్గర. అందుకే 1969లో ఇక్కడ పోలీసు ఔట్‌పోస్టు వెలిసింది. వంతులవారీగా వచ్చిపోయే ఈ కొద్దిమంది పోలీసులు తప్ప దీవిలో స్థిరనివాసులెవరూ లేరు.

దూరాభారపు ఉద్యోగమంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది అంటార్కిటికా. అక్కడ 1989 నుంచి మైత్రి, 2012 నుంచి భారతి భారత్ కేంద్రాలుగా పనిచేస్తున్నాయి. భారతిలో ఉపగ్రహాల సమాచారం అందుకునే వ్యవస్థను నడిపేది హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం. వారి పొరుగున అడీలీ పెంగ్విన్లుంటే, నార్కొండం పోలీసుల పొరుగున ఉండేది నార్కొండం హార్న్‌బిల్. మంచు బదులు ఉక్కపోత, నెలల తరబడి చీకటి బదులు నెలల తరబడి వాన. కానీ ఓడ కోసం ఎదురుచూపులు మాత్రం రెండుచోట్లా ఒకటే. బియ్యం, పప్పు, ఉత్తరాలు, సెలవు... అన్నీ ఓడతోనే. వానాకాలంలో సముద్రం పోటెత్తితే ఒడ్డు చేరడమే గగనం.

పహరాలో ఉన్నవారి తలల మీదుగా బరువైన రెక్కల చప్పుడు సాగిపోతుంది. మగ పక్షి మెడ ఎరుపు కలిసిన గోధుమ రంగు, ఆడదాని మెడ నలుపు, రెండింటికీ తెల్లని తోక. మర్రి, మేడి జాతి పళ్లే వీటి ప్రధాన ఆహారం. తిన్న పళ్ల గింజలను దూరంగా విసర్జించి అడవిని నాటేదీ ఇవే. గుడ్లు పెట్టే వేళ ఆడపక్షి పెద్ద చెట్టు తొర్రలో దూరి, సన్నని సందు మాత్రం ఉంచి ద్వారం మూసేసుకుంటుంది. లోపలున్న తల్లికీ పిల్లలకూ ఆ సందులోంచే మగపక్షి పళ్లు అందిస్తుంది. తొర్ర కావాలంటే వయసు మళ్లిన పెద్ద చెట్టుండాలి.

చిక్కు వచ్చిపడింది అక్కడే. మనిషి ఉన్నచోట పొయ్యి ఉంటుంది, పొయ్యికి కట్టెలు కావాలి. క్యాంపు చుట్టూ కొబ్బరి, అరటి, వక్క తోటలు లేచాయి. 1976లో మాంసం కోసం తెచ్చిన మేకలు అడవిలో పడి వందలకు పెరిగాయి. మేక మేసేది పెద్ద చెట్టును కాదు, రేపు పెద్దదయ్యే మొక్కను. దీవిని 1977లో అభయారణ్యంగా ప్రకటించినా మేకకు ఆ సంగతేం తెలుసు? చాలా ఏళ్లకుగానీ వాటిని తొలగించడం మొదలుకాలేదు. అంటార్కిటికాలో నియమం ముందే రాసుకున్నారు. 1991లో కుదిరిన మాడ్రిడ్ ఒప్పందం పుణ్యమా అని 1994కల్లా స్లెడ్జి లాగే కుక్కలను సైతం ఖండం దాటించారు. చెత్తలో అధిక భాగాన్ని వెనక్కి ఓడెక్కించాల్సిందే.

ఆ తర్వాత రాడార్ వంతు వచ్చింది. కొండమీద నిఘా రాడార్, దానికి డీజిల్ విద్యుత్తు, అడవిలోంచి రోడ్డు కావాలన్నది కోస్ట్ గార్డ్ ప్రతిపాదన. హార్న్‌బిల్‌కు ముప్పని 2012లో కేంద్ర పర్యావరణ శాఖ కాదంది. 2014లో ప్రభుత్వం మారాక అదే శాఖ ఔనంది. సరిహద్దు భద్రతను తేలిగ్గా తీసుకోలేం, నిజమే. అయితే సరిహద్దుకు మరో కొండ దొరకవచ్చు, ఈ పక్షికి మరో దీవి లేదు.

శుభవార్త కూడా లేకపోలేదు. 1990ల చివర్లో మూడు, నాలుగు వందలుగా అంచనా వేసిన పక్షులు ఇటీవలి అధ్యయనంలో వెయ్యి దాకా తేలాయి. ఇంత ఇరుకు చోట ఇంత దట్టంగా బతికే హార్న్‌బిల్ జాతి ప్రపంచంలో మరొకటి తెలియదు. కానీ ఒక్క పెనుతుపాను, ఒక్క రోగం, పొరపాటున దిగిన ఒక్క కొత్త జంతువు చాలు, లెక్క తలకిందులవడానికి.

వంతు ముగిసిన పోలీసు ఓడెక్కి ఇంటికి వెళ్లిపోతాడు. తొర్రలోని తల్లి మాత్రం అక్కడే ఉంటుంది. అతను కట్టెల కోసం ఏ చెట్టును ముట్టకుండా వదిలాడన్నదే దానికి లెక్క. బ్రూక్షాబాద్ గుట్ట చెప్పే పాఠమూ అదే: వెళ్లిపోయినవారు వదిలినదే చివరికి దీవిలో మిగులుతుంది.