డోసు లెక్క నీ వెంటే ఉండాలి

కర్ణాటకలోని కార్వార్ దాటి కాళీ నది వెంట లోపలికి వెళ్తుంటే రెండు పక్కలా పడమటి కనుమల అడవి. ఆ అడవిలోనే, నది ఎడమ గట్టున, కైగా అణు విద్యుత్ కేంద్రం ఉంది. ఒక్కొక్కటి 220 మెగావాట్ల భారజల రియాక్టర్లు నాలుగు. ఇలాంటి రియాక్టర్లలో వాడే ఇంధన కట్టలు హైదరాబాద్‌ న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో తయారవుతాయి. భారజలం తీసే కర్మాగారాల్లో ఒకటి మన మణుగూరులో ఉంది. రియాక్టర్‌ను ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనికి మన మనుషులూ వస్తారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఫిట్టర్లు, వెల్డర్లు, రిగ్గర్ల జట్టు ఒకటి కేంద్రానికి దగ్గర్లోని మల్లాపూర్‌లో దిగిందని తెలిసి, వాళ్లతో మాట్లాడాలని వెళ్లాను.

గదిలో గోడ వెంట పరుపులు, మూలన గ్యాస్ పొయ్యి, తాళ్ల మీద ఆరేసిన బట్టలు. జట్టు మేస్త్రీకి యాభై దాటి ఉంటాయి. దేశంలోని అణు కేంద్రాలు ఆయన నోట ఊళ్ల పేర్లుగానే వస్తాయి: తారాపూర్, కాక్రాపార్, రావత్‌భాటా, నరోరా, కల్పాక్కం. ఒకచోట షట్‌డౌన్ ముగిస్తే ఇంకోచోటికి ప్రయాణం. ఆయన పక్కనే ఐటీఐ పూర్తిచేసి మొదటిసారి ఇల్లు వదిలిన కుర్రాడు. వాడికి చెప్పే మాటలే నాకూ చెప్పమని అడిగాను.

ఈ రియాక్టర్లకు నడుస్తుండగానే ఇంధనం మారుస్తారు. కైగా ఒకటో యూనిట్ 2018 డిసెంబర్ 31 నాటికి 962 రోజులు ఆగకుండా నడిచి అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అయినా వాల్వులు, పంపులు, టర్బైను, కూలెంట్ చానళ్లు విప్పి చూడాలంటే ఆపక తప్పదు. అందుకే మామూలుగా రెండేళ్లకోసారి షట్‌డౌన్ ఉంటుంది. కేంద్రంలోని సొంత సిబ్బందికి తోడు కాంట్రాక్టర్ల మనుషులు ఆ కొన్ని వారాల కోసం వస్తారు. పని ముగియగానే వెళ్లిపోతారు.

మేస్త్రీ మొదటి సలహా కాగితాల గురించి. పోలీసు వెరిఫికేషన్ పూర్తి కాకుండా గేట్‌పాస్ రాదు. ఆధార్, ఐటీఐ సర్టిఫికెట్ అసలువి వెంట ఉండాలి. పాస్ వచ్చేదాకా ఖాళీగా కూర్చునే రోజులకు కూలి ఇస్తారో లేదో, దారి ఖర్చులు ఎవరివో ఇంటి దగ్గర బయలుదేరక ముందే తేల్చుకోవాలి. పీఎఫ్ నంబర్ ఒక్కటే ఉండాలి, కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్తది తీయించుకోకూడదు. “నెల తిరిగాక అడిగితే ఎవుడూ సెప్పడు తమ్ముడూ, రైలెక్కే ముందే అడగాల” అన్నాడాయన.

రెండో పాఠం శిక్షణ తరగతిలో మొదలవుతుంది. లోపలికి వెళ్లే ప్రతి కొత్తవాడూ అక్కడ కూర్చోవాలి. రేడియేషన్‌ను చూసుకునే హెల్త్ ఫిజిక్స్ ఇంజినీరు ఒకాయన ఆ పాఠం సారం నాకు ఓపికగా వివరించారు. మూడు సూత్రాలు: తక్కువ సేపు ఉండు, దూరంగా ఉండు, మధ్యలో అడ్డు ఉంచు. చిన్న వస్తువు నుంచి కిరణాలు వస్తుంటే, దానికి ఉన్న దూరాన్ని రెట్టింపు చేసుకుంటే డోసు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే పనిముట్లు సర్దుకోవడం, కొలతలు చూసుకోవడం, ఎవరు ఏ బోల్టు పట్టాలో మాట్లాడుకోవడం అన్నీ బయటే ముగించాలి. లోపల ఆలోచిస్తూ నిలబడ్డ ప్రతి నిమిషం ఒంటి మీద లెక్క అవుతుంది.

ఆ లెక్కకు హద్దులున్నాయి. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం రేడియేషన్ పనివారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. తాత్కాలిక పనివారికి ఇంకా తక్కువ, ఏడాదికి 15. ఛాతీ మీద పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జీలోని బిళ్లలు పడ్డ డోసును దాచుకుంటాయి. తర్వాత వాటిని వేడిచేస్తే వచ్చే వెలుగును బట్టి ఎంత పడిందో చెబుతారు. అప్పటికప్పుడు చూసుకోవడానికి మరో డోసీమీటరు ఉంటుంది.

బ్యాడ్జీకి అందనిది ట్రిటియం. భారజలం మీద న్యూట్రాన్లు పడడం వల్ల పుట్టే ఈ రేడియోధార్మిక హైడ్రోజన్ ఊపిరి ద్వారా, చర్మం ద్వారా లోపలికి చేరి ఒంట్లో నీటితో కలిసిపోతుంది. అందుకే ఇక్కడ మూత్ర పరీక్ష తప్పనిసరి. 2009 నవంబర్‌లో ఇదే కైగాలో తాగునీటి కూలర్‌లో ట్రిటియం ఉన్న భారజలం కలిసింది. కావాలని చేసిన పని అని అధికారులు అప్పట్లో చెప్పారు. ఆ నీళ్లు తాగిన పదుల మంది సంగతి బయటపడింది మామూలుగా చేసే మూత్ర పరీక్షల్లోనే. ఒంట్లో చేరిన ట్రిటియం సుమారు పది రోజులకు సగమవుతుంది, నీళ్లు బాగా తాగితే ఇంకా త్వరగా పోతుంది. శాంపిల్ ఇవ్వడం విసుగు అనుకునే కొత్తవాడికి ఈ ఒక్క సంఘటన చెబితే చాలు.

కుర్రాడి భయం వేరే ఉంది. “ఇంటికెళ్తే పిల్లలకి అంటుకుంటాదా సార్?” అన్నాడు, అక్క పిల్లల్ని తలచుకుని. గామా కిరణాలు ఒంటి గుండా పోయినంత మాత్రాన మనిషి రేడియోధార్మికం కాడు. అంటుకునేది దుమ్ము, తడి. జోన్ మారేచోట బూట్లు మార్చడం, చేతులూ కాళ్లూ మానిటర్ మీద పెట్టి చూడడం అందుకే. అలారం మోగితే సిగ్గుపడి తప్పించుకోకూడదు, అక్కడే ఆగి చెప్పాలి. చర్మం మీది మురికి చాలావరకు సబ్బూ నీళ్లతోనే పోతుంది. లోపల ఖైనీ, గుట్కా నోట్లో వేసుకోవడం, పుండు ఉన్న చేత్తో పనికి దిగడం మాత్రం ప్రమాదాన్ని ఒంట్లోకి పిలవడమే. ఇంకో మాట మేస్త్రీ గట్టిగా చెప్పాడు: రేడియేషన్ భయంలో పడి సేఫ్టీ హార్నెస్ మరిచిపోవద్దు. పైనుంచి పడితే ప్రాణం పోవడానికి అణు కేంద్రమే కానక్కర్లేదు.

చివరికి అసలు ప్రశ్న వచ్చింది. డోసు నిండితే పని పోతుందా? మేస్త్రీ కాసేపు మాట్లాడలేదు. వేరేచోట, చాలా ఏళ్ల కిందట, రోజు కూలి పోతుందని బ్యాడ్జీ బయట వదిలి లోపలికి వెళ్లినవాళ్లను చూశానన్నాడు. “నీ బ్యాడ్జీ ఇంకోడికివ్వకు, ఇంకోడిది నువ్వెట్టుకోకు. కాగితం మీద తగ్గినాదని ఒంట్లో తగ్గదు” అన్నాడు కుర్రాడి వైపు చూసి.

నాకు ఆ పర్యటనలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే. ఊరు మారుతుంది, కాంట్రాక్టర్ మారతాడు, పక్కన పనిచేసేవాడూ మారతాడు. మారనిది ఆ మనిషి ఒళ్లు ఒక్కటే. పనివారి డోసుల జాతీయ రిజిస్టరు బాబా అణు పరిశోధన కేంద్రంలో ఉంది. అయినా ప్రతి కేంద్రం వదిలేటప్పుడు తన డోసు ఎంతో అడిగి, తేదీతో సహా సొంత పుస్తకంలో రాసుకోవడం కొత్తవాడు మొదటి రోజు నుంచే నేర్చుకోవాలి. కాంట్రాక్టర్లు చేయాల్సింది కూడా ఉంది. హద్దు దగ్గరపడ్డవాణ్ని ఇంటికి పంపకుండా డోసు లేని పనికి మార్చి, అదే కూలి ఇవ్వాలి. నిజం చెప్పినందుకు కూలి పోయేచోట ఎవరూ నిజం చెప్పరు. ఆ ఒక్క హామీ ఒప్పందంలో రాతపూర్వకంగా ఉంటే, బ్యాడ్జీ దాచుకోవాల్సిన అవసరం ఏ కుర్రాడికీ రాదు.