ఒక చిన్న దీవిలో బంతియాట

బంతియాటను గూర్చి మేము వ్రాయబూనుట చూచి సోదరీమణులు కొందరు నవ్వుకొందురేమో. మాకు ఫుట్‌బాల్ ఆట నియమములు సరిగా తెలియవు. ఏ తప్పునకు ఈల యూదుదురో, దేనిని విడిచిపెట్టుదురో వారు ఎన్నిమారులు చెప్పినను మా తలకెక్కలేదు. అయినను మొన్న రాత్రి భోజనములైన పిదప వారు పిల్లలకు చదివి వినిపించిన యొక వృత్తాంతము మాకు చాలసేపు నిద్ర పట్టనీయలేదు. అది యెందువలననో తరువాత చెప్పెదము.

ఇంగ్లాండు దేశపు నైరృతి కొనయందు కార్న్‌వాల్ అను సీమ గలదు. ఆ కొనకు సుమారు 45 కిలోమీటర్ల దూరమున, అట్లాంటిక్ మహాసముద్రములో సిల్లీ దీవులున్నవి. జనులు కాపురముండు దీవులు అయిదే. 2021వ సంవత్సరపు జనాభా లెక్కలలో అన్నిటను గలిపి రమారమి 2,100 మంది తేలిరి. అందు నాలుగింట మూడువంతులకు పైగా సెయింట్ మేరీస్ అను పెద్ద దీవిలోనివారే. మనకు సంక్రాంతి ముగ్గులు పెట్టుకొను దినములలో ఆ దీవులలో నార్సిసస్ అను పరిమళపుష్పములు విరియును. వానిని కోసి, కట్టలుగట్టి, ఇంగ్లాండునకు పంపుట వారికి అనేక సంవత్సరములుగా జీవనోపాధి.

ఆ దీవులకును కార్న్‌వాల్ నకును నడుమ లయొనెస్ అను రాజ్యముండెడిదనియు, దానిని సముద్రము మ్రింగివేసెననియు అచ్చటివారు చెప్పుకొందురు. మన ద్వారక జ్ఞప్తికి రాక మానునా! కథ మాట యెట్లున్నను, ఆ దీవులలో కొన్ని పూర్వము ఒకే పెద్ద నేలగా ఉండి, సముద్రము క్రమముగా పెరుగుటచే విడివడిన మాట నిజము. నీరు బాగుగా తీసినప్పుడు పురాతనపు పొలముల రాతిగట్లు ఇసుకలో నేటికిని కనబడును.

1920 ప్రాంతముల ఆ వేర్వేరు దీవులవారు తమ తమ జట్లను కూర్చుకొని, పడవలమీద వచ్చి, ఒకరితో నొకరు ఫుట్‌బాల్ ఆడెడివారు. గెలిచినవారికిచ్చు పాత్రకు ఆ మునిగిపోయిన రాజ్యము పేరే పెట్టుకొనిరి. కాని నూరుమందికి అటునిటుగా నున్న దీవిలో వృద్ధులను, పసివారిని, పడవలపై పోవువారిని తీసివేసినచో పదునొకండుగురు మిగులుట యెంత కష్టము! చిన్న దీవుల జట్లు ఒకదాని వెంట నొకటి మాసిపోయినవి. 1950 ప్రాంతమునకు సెయింట్ మేరీస్ వారును, ట్రెస్కో దీవివారును మాత్రమే మిగిలిరి. తరువాత ట్రెస్కో జట్టును లేకపోయెను.

ఇంక సెయింట్ మేరీస్ వారు ఎవరితో ఆడవలెను? ఆట కాలము చలికాలము. అప్పుడు సముద్రము అల్లకల్లోలము. ప్రయాణికుల ఓడ ఆ నెలలలో నిలిచిపోవుట చిరకాలపు వాడుక. ప్రత్యర్థి లేడని ఆట మానుకొనిన ఎవరు తప్పు పట్టుదురు? వారు మానలేదు. తమ జట్టునే రెండుగా చీల్చుకొని తమతో తామే ఆడసాగిరి. మొదట ఆ రెంటికి రేంజర్స్, రోవర్స్ అని పేర్లు. 1984లో గారిసన్ గన్నర్స్, వూల్‌ప్యాక్ వాండరర్స్ అని మార్చిరి. గారిసన్ అనునది ఊరిని ఆనుకొనియున్న కోటగుట్ట. అందలి నక్షత్రాకారపు కోటను 1593లో కట్టిరి. వూల్‌ప్యాక్ అనునది ఆ గుట్టమీదనే యున్న యొక బురుజు. ఆడు బయలును ఆ గుట్టమీదిదే. ఇరువురికిని గుట్ట యొకటి, బయలు ఒకటి, గెలుపోటముల పట్టికలో ఎప్పుడును రెండే వరుసలు! లోకములోని ఫుట్‌బాల్ పోటీలన్నిటిలో ఇదియే మిక్కిలి చిన్నదని ప్రసిద్ధి. 2008లో ఆడిడాస్ సంస్థవారు వీరిని గూర్చి ప్రకటనచిత్రము తీసిరట. బెక్‌హామ్, జెరార్డ్ మొదలగు మహా ఆటగాండ్ర పేర్లు చెప్పి మా పెద్దవాడు గంతులు వేసెను. మాకు అది అంత ముఖ్యముగా తోపలేదు.

మాకు ముఖ్యముగా తోచినది వేరు. ఆదివారము ఉదయమున వీరు ఆడుదురు. వచ్చే ఆదివారము మరల వారితోనే. సంవత్సరమునకు పదిహేనుమారులకు పైగా ఆ మొగములే. నేడు కాలడ్డముపెట్టి పడవైచినవాడు రేపు దుకాణములో ఉప్పు తూచి ఇయ్యవలసినవాడు. ఇట్టిచోట పగలు పుట్టక యుండునా? అందులకు వారొక ఉపాయము చేసిరి. ప్రతియేడును ఆట మొదలిడునప్పుడు ఇద్దరు నాయకులును ఉన్నవారినందరిని మరల పంచుకొందురు. నిరుడు ఎదిరి యైనవాడు ఈ యేడు మనవాడగును. ఇది వినగానే మాకు భాగవతము స్ఫురించెను. గోపబాలురు రామకృష్ణులను నాయకులుగా పెట్టుకొని రెండు పక్షములై ఆడలేదా? ఓడినవారు గెలిచినవారిని వీపున మోయుట పందెము. కృష్ణుడే శ్రీదాముని మోసెను గదా!

మరియొక మాట. ఆ దీవులలో పదునారేండ్లు దాటిన పిల్లలకు పై చదువు లేదు. సముద్రము దాటి పోవలసినదే. పోయినవారిలో ఎందరు తిరిగి వత్తురు? కాలికి బలము వచ్చునప్పటికే కుఱ్ఱవాడు దీవిని విడుచును. పంతులుగారి ఇల్లాలినగుటచే, ఏటేట పిల్లలను సాగనంపుట మాకు తెలిసినదే. అట్లు మిగిలిన కొలదిమందిని సరిసమానముగా పంచి, ఆదివారమున ఇరువదియిద్దరు నిలుచునట్లు చేయుట సామాన్యమైన పని కాదు.

ఇక మాకు నిద్ర పట్టకపోవుటకు కారణము. నిరుడు మా ఇంట అన్నదమ్ములు పంచుకొనిరి. పెరటిలో గోడ లేచినది. బావి మావైపునకు, జామచెట్టు వారివైపునకు వచ్చినవి. మాటలు మొదట తగ్గి, పిదప నిలిచినవి. మా తోడికోడలు మాకు చెల్లెలివంటిది. పది సంవత్సరములు ఒక పొయ్యిమీద వండుకొన్నవారము. పది దినముల క్రిందట వారి పిల్లల బంతి గోడ దాటి మా బావిగట్టున పడినది. మా పిల్లలు తిరిగి వేయబోగా మేమే వలదంటిమి. అడుగవచ్చినప్పుడు ఇత్తమంటిమి. వారు అడుగరాలేదు. బంతిని మేము వసారాలో బియ్యపుడబ్బా వెనుక నుంచితిమి. భారతమున కురుకుమారుల బంతి బావిలో పడినప్పుడు వారింకను కలిసియే ఆడుచుండిరి. దానిని ద్రోణుడు తీసి ఇచ్చెను. మా బంతి బావిలో పడలేదు. మేము దాచితిమి.

తెల్లవారి, పిల్లలు బడికి పోకమునుపే, దానిని తీసి గోడమీదుగా విసరితిమి. విసరుట చేతగాక అది మొదట గోడకు కొట్టుకొని మా కాళ్లయొద్దనే పడెను. రెండవమారు దాటినది. అవతల జామాకులలో చప్పుడైనది గాని ఎవరును పలుకలేదు. మేము నీళ్లు చేదుకొనుచుంటిమి. బిందె సగము నిండునంతలో బంతి తిరిగి వచ్చి బావిగట్టున పడెను. మా చిన్నవాడు చేతిలోని పలక పడవైచి పరుగెత్తెను.