పెళ్ళికి పోతూ ఆటోనగర్‌లో

రోహిణీకార్తె ఎండల్లో బెజవాడ చేరిన బాటసారికి చల్లని మజ్జిగ తప్ప వేరే కోరిక ఉండదు. మొన్నటి వేసవిలో నాకు మాత్రం మజ్జిగకన్నా ముందు మేస్త్రీ కావలసివచ్చాడు.

రాజమండ్రిలో మా అక్కయ్య కూతురి పెళ్ళి. ముహూర్తం రాత్రి 9 గంటల 40 నిమిషాలకు. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మంటపానికి తీసుకురావలసినవాణ్ణి మేనమామనైన నేనే. ఇంట్లోవాళ్ళు ముందే వెళ్ళారు. నేను తెల్లవారుజామున హైదరాబాదులో ఒక్కణ్ణే బయలుదేరాను. 2018లో కొన్న డీజిలుకారు సూర్యాపేట దాటేదాకా బుద్ధిగానే నడిచింది. ఆ తరువాత బోర్డుమీద పసుపుపచ్చ దీపం వెలిగింది. నందిగామ వచ్చేసరికి ఎంత తొక్కినా ఊపు లేదు. అద్దంలో చూద్దును గదా, నా వెనక నల్లని పొగ! ఆ పొగలో ఒక స్కూటరు. వెనక కూర్చున్న తల్లి ఒళ్ళోని పిల్లవాడి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంటున్నది. సిగ్గేసి బండి పక్కకు తీసి, వాళ్ళను ముందుకు పోనిచ్చాను.

పదకొండు గంటలకు ఆటోనగర్ చేరాను. చూడనివారికోసం చెబుతున్నాను: అది పేటా కాదు, బజారూ కాదు, బండ్ల ఆసుపత్రి. ఒకచోట లారీకి కొత్త ఒళ్ళు కడుతుంటారు, ఒకచోట కమానుపట్టీలు సాగగొడుతుంటారు, మరొకచోట రేడియేటరుకు మాట్లు వేస్తుంటారు. సుత్తి చప్పుడులో మాట వినపడదు.

మొదటి షెడ్డులోని కుర్రవాడు స్కానరు తగిలించి, “ఈజీఆర్ వాల్వు పట్టేసింది సార్. రేకుముక్క వేసి దారి మూసేస్తాను. కంప్యూటరులో దాని ఊసే లేకుండా చేస్తాను. గంటలో బయలుదేరవచ్చు” అన్నాడు. నా ప్రాణం లేచివచ్చింది. “కానీ” అనబోతుండగా, పక్క షెడ్డులోని ముసలి మేస్త్రీ పిలిచి, ఎవరిదో పాత వాల్వు ఒకటి నా చేతిలో పెట్టాడు. లోపలంతా తారులాంటి మసి.

ఈ వాల్వు చేసే పని చిత్రమైనది. ఇంజను వదిలే పొగలో కొంత మళ్ళీ ఇంజనులోకే పంపుతుంది. దానితో లోపలి మంట వేడి తగ్గుతుంది. వేడి మితిమీరితే గాలిలోని నైట్రోజనూ ఆక్సిజనూ కలిసి, ఊపిరితిత్తులను రాపాడించే వాయువులు పుడతాయి. నా వాల్వు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే పట్టేయడంతో పొగ అతిగా లోపలికి పోయి ఇంజనుకు ఊపిరాడలేదు.

“మూసేస్తే నష్టమేమిటి మేస్త్రీ?”

“తమకేం లేదండి. నల్లపొగ పోతుంది, బండి హుషారుగా నడుస్తుంది. పొల్యూషన్ సర్టిఫికెట్టూ ఇస్తారు. డీజిలుకారుకు అక్కడ చూసేది పొగ చిక్కదనమే. ఆ వాయువు కంటికి కనపడదు గదా! దాన్ని పీల్చేది వెనక వచ్చేవాడండి.”

నాకు స్కూటరుమీది తల్లి జ్ఞాపకం వచ్చింది. కనపడే పొగకు కొంగు అడ్డం పెట్టింది. కనపడనిదానికి ఏమి అడ్డం పెడుతుంది?

చట్టమూ ఊరుకోదు. కంపెనీ అమర్చినదాన్ని ఇలా మార్చరాదు. 2019 సవరణ తరువాత కాలుష్యపు నేరానికి జరిమానా పదివేల రూపాయలదాకా ఉన్నది. కాని నిజం చెప్పాలంటే ఆ క్షణాన నన్ను ఆపింది చట్టం కాదు.

“శుభ్రం చేయడానికి ఎంతసేపు?”

“విప్పి, కడిగి, బిగించేసరికి సాయంత్రమండి. లోపలి మోటారు పోయిందంటే రేపే.”

“మరి పెళ్ళి?”

మేస్త్రీ నవ్వాడు. “పెళ్ళికి కావలసింది మేనమామా, కారా? రాజమండ్రికి రైళ్ళే లేవాండి?”

ఇంత చిన్న సంగతి నాకు తోచనేలేదు! తాళాలు ఇచ్చి, మజ్జిగ తాగి, రైలెక్కాను. రాత్రి బుట్ట ఎత్తబోతుంటే మా అక్కయ్య నా చొక్కాకు అంటిన మసి చూసి, “ఇంజను తోలుకొచ్చావా ఏమిటిరా?” అన్నది.

మర్నాడు బెజవాడ వచ్చేసరికి కారు సిద్ధంగా ఉన్నది. మోటారు బతికే ఉన్నదట. రేకుముక్కకు అడిగినదానికన్నా వెయ్యి రూపాయలు ఎక్కువే అయింది. “రోజూ దగ్గర దూరాలకే తిప్పుతారు కాబోలు. ఇంజను వేడెక్కకుండా ఆపేస్తుంటే మసి పేరుకుంటుందండి. అప్పుడప్పుడూ పెద్దరోడ్డెక్కించండి” అన్నాడు మేస్త్రీ. మా ఆఫీసు ఇంటికి మూడు కిలోమీటర్లు!

తిరుగుదారిలో నందిగామ దగ్గర అద్దంలోకి చూశాను. వెనక మరెవరిదో స్కూటరు. వెనక కూర్చున్న ఆమె పిల్లకు తాటిచెట్లు చూపిస్తున్నది. కొంగు భుజంమీదనే ఉన్నది.