దుబాసీ లేని కొలువు

కుంపినీ వారి రోజుల్లో మద్రాసులో దొరకూ, ఊరివారికీ మధ్య దుబాసీ అని ఒకడుండేవాడు. ఆ పూట వాడు రాకపోతే దొర దొరే, రైతు రైతే. జరిగే పని మాత్రం సున్న. కంప్యూటరు లోపలా ఇటువంటి దుబాసీలే ఉన్నారు. వారిని డ్రైవర్లంటారు. బండి తోలేవారనుకునేరు! మాటలు అటూ ఇటూ చేరవేయటమే వారి ఉద్యోగం.

నాకు వారితో పని పడింది మా గురువుగారి వల్ల. పల్లెలన్నీ తిరిగి ఆయన పోగుచేసిన సేద్యపు మాటలు, ఏతం, కపిల, గూడ మొదలుకొని వందల పేజీలు, పేజ్‌మేకర్‌లో అనూ అక్షరాలతో కూర్చి ఉన్నాయి. ఆయన పోయారు, పెన్‌డ్రైవు మిగిలింది. ఆ పేజీలు తెరవాలంటే విండోస్ కావాలి. ఇంట్లో ఉన్నదేమో మేనల్లుడు అమెరికా పోతూ వదిలిన పాత మాక్.

మాక్‌లు ఇంటెల్ చిప్పుకు మారిన 2006లోనే బూట్ క్యాంప్ అనే ఏర్పాటు వచ్చింది. ఒకే ఇంట్లో రెండు వాటాలన్నమాట. మాక్ మేలుకుంటే విండోస్ నిద్ర, విండోస్ మేలుకుంటే మాక్ నిద్ర. సరే, విండోస్‌ను కాపురం పెట్టాను. తెర వెలిగింది గాని, తీగ లేని కీబోర్డు మీద ఎంత కొట్టినా ఒక్క అక్షరం పడదు. మౌసుదీ మౌనమే. బ్లూటూత్ అన్నది 10వ శతాబ్దంలో డెన్మార్క్ తెగలను ఏకం చేసిన హెరాల్డ్ రాజుగారి మారుపేరు. పేరులో ఉన్న కలుపుగోలుతనం మా ఇంట మాత్రం కనబడలేదు.

"చెడిపోయిందేమో, పాతసామాన్లవాడికి వేసెయ్యండి" అన్నది మా ఆవిడ.

చెడిపోతే మాక్ వాటాలో మాత్రం ఎలా పలుకుతుంది? వస్తువు బాగానే ఉంది. విండోస్‌కు దాని భాష తెలియదు, అంతే.

పక్కింటి నుంచి తీగ ఉన్న కీబోర్డు, మౌసు ఎరువు తెచ్చి తగిలించాను. మాక్‌లోకి వెళ్లి, బూట్ క్యాంప్ అసిస్టెంటు మెనూలో విండోస్ సపోర్టు సాఫ్ట్‌వేరు దింపుకొనే అంశం నొక్కాను. దారిన పోయే దుబాసీలు పనికిరారు. ఆ మోడలుకు తగినవారే రావాలి. దిగినదాన్ని మరో పెన్‌డ్రైవులో ఎక్కించి, విండోస్‌లో బూట్ క్యాంప్ ఫోల్డరు తెరిచి, సెటప్ నడిపి, యంత్రాన్ని ఆపి మళ్లీ లేపాను. డివైస్ మేనేజరులో పసుపుపచ్చ ఆశ్చర్యార్థకం మాయమయింది! కీబోర్డును జత కలిపితే పలికింది.

తిరిగి మాక్‌లోకి వస్తే ఈసారి అక్కడ అలక! కారణం ఉన్నది. రెండు వాటాలకూ బ్లూటూత్ చిరునామా ఒక్కటే. జత కలిపినప్పుడల్లా కొత్త రహస్యపు గుర్తు పుడుతుంది. కీబోర్డు చివరిదాన్నే ఉంచుకుంటుంది. మాక్ దగ్గరి పాత గుర్తు ఇక చెల్లదు. పూటకొక పెళ్లి చేయలేక, తీగ లేనిది మాక్‌కూ, తీగ ఉన్నది విండోస్‌కూ పంచి పెట్టాను.

2020 నవంబరు నుంచి ఇంటెల్ చిప్పు వదిలి వచ్చిన మాక్‌లలో బూట్ క్యాంప్ లేదు. ఈ పాత యంత్రం ఎన్నాళ్లుంటుందో! అందుకే రోజూ రాత్రి కొన్ని పేజీలు యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్దుతున్నాను. అచ్చులు అయిపోయాయి. నిన్న "కపిల" దగ్గరికి వచ్చాను.