నిలకడ గల నిప్పు

అమెరికాలో మా అమ్మాయి పెరటి బీన్సును గాజు సీసాలలో ఏడాదికి నిలవచేయదలచి ప్రెషర్ కానర్ కొన్నది. చూడగా అది మన కుక్కరుకు అన్నగారు! దానిని ఏ పొయ్యిపై ఎక్కించాలన్నదే మీమాంస.

ఆవకాయకు ఉప్పు, పులుపు కాపలా కాస్తాయి. బీన్సుకు ఆ రక్షణ లేదు. ప్రాణాంతకమైన బొట్యులిజానికి మూలమైన సూక్ష్మజీవి బీజాలు మరిగే నీటికి లొంగవు. దాదాపు 116 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. పీడనంలో ఉన్న ఆవిరికే అది సాధ్యం. లీటరుకు కాస్త తక్కువ పట్టే క్వార్ట్ సీసాలకు 25 నిమిషాలు. నడుమ పీడనం హద్దు దిగితే, తిరిగి ఎక్కించి లెక్క మొదటినుండి ప్రారంభించవలసిందే.

వంటింటి గాజుపలక పొయ్యి ఆగుతూ రాజుకుంటూ ఉంటుంది. నిండు పాత్ర బరువుకు పలక పగలవచ్చు కూడా. పెరటి గ్యాసుపొయ్యిలలో కొన్నిటి మంట మరీ ఉద్ధృతం. పలుచని అల్యూమినియం అడుగు వంగిపోగలదు. ఆలోచించి, కానర్ వెంట వచ్చిన పుస్తకం విధించిన హద్దు దాటని, కాళ్ళు బలమైన గ్యాసుపొయ్యినే ఆరుబయట గోడచాటున, గాలి తగలనిచోట నిలిపాము. ఆ 25 నిమిషాలూ అమ్మాయి ముల్లుపై నుండి చూపు మరల్చలేదు.

వంటలో మంట పెంచడం అందరికీ తెలిసిన విద్యే. దానిని ఒకే తీరున నిలపడమే అసలు నేర్పు. మీరేమంటారు?