విశాఖపట్టణమున ఏడాకులపాల పూచినవేళ

తుపానుభయము లేని యేడు విశాఖపట్టణమును చూడబోవువారికి కార్తికమాసము మేలైన కాలము. వానలు వెనుదీయును, ఆకాశము తేటపడును. రామకృష్ణా బీచి యొద్ద నిలిచి చూచినచో ఒక ప్రక్క డాల్ఫిన్ నోస్ కొండయు, మరియొక ప్రక్క కైలాసగిరియు, నడుమ నీలసముద్రమును కన్నులపండువు గావించును. ప్రొద్దు గ్రుంకినపిదప ఊరిలోని వీథులలో నడచినచో ఒక ఘాటైన సువాసన మనలను చుట్టుకొనును. అది మల్లె కాదు, సంపెగ కాదు. బాటల ప్రక్కన బారులుదీరిన ఏడాకులపాల చెట్ల పూలవాసన అది.

ఈ చెట్టునకే సంస్కృతమున సప్తపర్ణి యని పేరు. ఒక్కొక్క కణుపున ఇంచుమించు ఏడేసి యాకులు గొడుగువలె విచ్చుకొని యుండును. దీని కొయ్యతో పూర్వము బడిపిల్లల పలకలు చేసెడివారు. వంగదేశమున శాంతినికేతనములో పట్టము పుచ్చుకొను విద్యార్థులకు పూర్వము దీని యాకుల నిచ్చు ఆచారముండెడిది. ఇంత గౌరవముగల చెట్టు విశాఖలో నేడు తగవునకు కారణమైనది.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో ఈ నగరముపై విరుచుకొనిపడినది. లెక్కలేనన్ని చెట్లు కూలెను. పిమ్మట నాటిన మొక్కలలో ఏడాకులపాల విరివిగా నుండెను. అది త్వరగా నెదుగును, ఏడాది పొడవునను పచ్చగా నుండును, పాలుగలది గనుక పశువులు ముట్టవు. కాని అవి యెదిగి పూచుట మొదలిడగనే తుమ్ములు, తలనొప్పి, ఆయాసము కలుగుచున్నవని పలువురు మొఱపెట్టసాగిరి.

ముందటేడు నేను మా పినతల్లి కుమార్తె యింట పదిదినము లుంటిని. ఆమెకు తొమ్మిదేండ్ల కూతురు గలదు. నడిరేయి ఆ బిడ్డ లేచి కూర్చుండి, ఎగ బీల్చుచు, “అమ్మా, ఊపిరాడుట లేదే” యనుచుండగా చూచుట మిక్కిలి కష్టము. వాకిట నున్న చెట్టును కొట్టివేయింపవలెనని తల్లి పట్టుదల. ఎదురింటి ముసలామె ఒప్పుకొనలేదు. “తుపాను పోయిన యేటి యెండలు నీవు మఱచితివేమో గాని నేను మఱవలేదమ్మా. ఈ మొక్కకు బిందెలతో నీళ్లు మోసితిని” అనెను. అక్కచెల్లెండ్రవలె మెలగిన ఆ యిరువురకు మాటలు నిలిచిపోయెను.

ఇందలి న్యాయ మెట్టిది? మనవారు “నాకు దుమ్ము పడదు” అందురు గదా. ఆ పడకపోవుటకే 1906లో వియన్నా వైద్యుడు పిర్కే అలర్జీ యని పేరు పెట్టెను. హాని చేయని వస్తువును దేహము శత్రువుగా నెంచి పోరాడుటయే దీని మూలము. అందుచేతనే ముక్కు కారుట, కన్నులు దురదపెట్టుట, ఉబ్బసము కలుగును. పుప్పొడి దీనికి కారణమని మాంచెస్టరు వైద్యుడు బ్లాక్లీ తన దేహముపైననే పరీక్షించి 1873లో ప్రకటించెను. అయితే గాలికి తేలిపోవు తేలిక పుప్పొడి గడ్డిజాతులలో నెక్కువ. కీటకముల నాకర్షించు పూలలో పుప్పొడి సామాన్యముగా జిగటగా నుండును. ఘాటైన వాసన మాత్రము సున్నితమైన ముక్కును, ఊపిరితిత్తులను రేపగలదు.

వైద్యుడు ఆ బిడ్డ చేతిపై చుక్కలు వేసి గ్రుచ్చి పరీక్షింపగా అన్నిటికంటె పెద్ద దద్దురులు ధూళిపురుగులకును బొద్దింకలకును లేచినవి. ధూళిపురుగులు కంటికి కానరావు. మన దేహమునుండి రాలు చర్మపుపొట్టు వాని యాహారము. తేమ వాని ప్రాణము. సముద్రతీరమున తేమకు కొదువ యేమి? వీథిలోని చెట్టు రెండునెలలు పూచును. పరుపులోని పురుగు పండ్రెండు నెలలు కాపురముండును.

అంతట మా చెల్లెలు కొంగు బిగించినది. బిడ్డ గదిలోని తివాచీని, నూలు బొమ్మలను తీసివేసినది. పాత పరుపునకును తలగడలకును సందులేని దట్టపు గలీబులు తొడిగినది. దుప్పట్లను వారమున కొకమారు 60 డిగ్రీల వేడినీట నుతికించి, ఎండలో బాగుగా ఆరవేయించినది. పూలకాలమున మాత్రము వానిని సాయంకాలమునకు ముందే లోనికి తీయించెడిది. చీపురుతో ధూళి లేపుట మాని తడిగుడ్డతో తుడిపించినది. బీరువా వెనుక గోడకు పట్టిన తేమబూజును కడిగించి, నీరు కారుచున్న గొట్టమును బాగుచేయించినది. రాత్రి యెంగిలి గిన్నెలు నిలువయుంచలేదు. సాంబ్రాణి పొగను, దోమలబత్తిని ఆ గదిలో మాన్పించి దోమతెర కట్టినది. దీపావళినాడు బాణసంచా పొగకు బిడ్డను దూరముగా నుంచినది. పూలకాలమున సాయంకాలము కిటికీలు మూసి, పగటివేళ తెఱచి గాలి యాడనిచ్చినది. వైద్యుడు చెప్పిన పీల్చు మందును, బిడ్డ కులాసాగ నున్నదని తనంతట తాను మాన్పలేదు.

నిరుడు కార్తికమున మరల పోయి చూచితిని. తుమ్ములు పూర్తిగా పోలేదు. కాని ఆ పది రాత్రులలో ఆయాసముతో లేచినది ఒక్క రాత్రి మాత్రమే. ఎదురింటి ముసలామెయు మా చెల్లెలును కలసియే పురపాలకులకు అర్జీ వ్రాసికొనిరి: చెట్టును కొట్టవలదు, పూతకు ముందు భాద్రపదమున కొమ్మలు కత్తిరింపుడు, ఇకమీద నాటునపుడు ఒకే జాతిని గాక పలుజాతులను కలిపి నాటుడు అని.

సోదరీమణులారా! మీ యింట నెవరికైనను ఏటేట ఒకే ఋతువున తుమ్ములును ఆయాసమును వచ్చుచున్నచో, ఏ మాసమున, ఏ గదిలో, ఏ వేళ వచ్చుచున్నవో ఒక కాగితముపై వ్రాసియుంచుడు. అది వైద్యునకు మిక్కిలి యుపయోగించును. మాటలాడలేనంత ఆయాసము వచ్చినను, పెదవులు నల్లబడినను చిట్కాలతో కాలము గడుపక తక్షణమే ఆస్పత్రికి కొనిపోవలెను. వీథిలోని గాలి మన యధీనములో లేదు. బిడ్డ తల వాల్చు తలగడ మన చేతిలోనిదే గదా!