బాంటమ్ బండి, విట్‌వర్త్ పానా

ఆలివర్ శాక్స్ ఆత్మకథ ‘ఆన్ ద మూవ్’ (2015) చదివినవారికి ఆ ఘట్టం గుర్తుండే ఉంటుంది. ఆయన తొలి మోటారుసైకిలు బి.ఎస్.ఎ. బాంటమ్. బ్రేకులు అంతంతమాత్రం, పైగా థ్రాటిల్ బిగుసుకుపోయింది. పెట్రోలు అయిపోయేదాకా లండన్ రీజెంట్స్ పార్కు చుట్టూ కేకలు వేస్తూ తిరిగారట! ఆయన్ని న్యూరాలజిస్టుగా మాత్రమే ఎరిగినవారు ఈ పుటలు దాటవేయడం అన్యాయం.

బెంటన్‌విల్‌లో మా గరాజులోనూ ఒక బాంటమ్ ఉంది. జర్మన్ డి.కె.డబ్ల్యు. నమూనా యుద్ధపరిహారంగా బ్రిటిషువారి చేతికి రాగా, 1948లో వచ్చిన మోడలు. మామూలు పానాలు దీనికి కుదరవు. విట్‌వర్త్ పానా మీది అంకె నట్టు వెడల్పు కాదు, బోల్టు కాడ మందం.

అల్యూమినియం కేసింగులో బోల్టు ఎంత బిగించాలో చెప్పవలసింది వేళ్ళే. కాస్త ఎక్కువైతే మరలు అరిగిపోతాయి. ఏడాదిగా నా కుడి బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారుతున్నాయి. కారణం తెలియనిది కాదు; రోగులకు తరచూ చెప్పేదే. కార్బ్యురేటరు జెట్టును ఇప్పుడు ఎడమచేత్తో తీస్తున్నాను. శస్త్రచికిత్సకు తేదీ తీసుకోవాలి. అంతకుముందు క్లచ్ పలకలు మార్చే పని ఒకటుంది.